పిల్లిదేవుడి దీవి: మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన సంచికలో జపాన్‌లోని సెండాయ్ నగరం చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల గురించి రాస్తూ, తషిరోజిమా అనే దీవిలో పిల్లికి గుడి ఉందని ఒక్క వాక్యం అన్నాను. మత్సుషిమా అఖాతం అందం గురించి మూడు పేరాలు కష్టపడి రాశాను. దాని గురించి ఒక్కరూ అడగలేదు. వచ్చిన ఉత్తరాలన్నీ పిల్లి మీదే. సరే, ఈసారి శీర్షిక మొత్తం పిల్లికే రాసిచ్చేస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా అమ్మాయి, అల్లుడు సెండాయ్‌లో ఉంటున్నారు. అక్టోబరులో మేమిద్దరం వెళ్తున్నాం. మీరు రాసింది చదివి వినిపించినప్పటి నుంచీ మా మనవరాలు పిల్లి గుడికి తీసుకెళ్ళమని ఫోనులో ప్రాణం తీస్తోంది. నాకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కరోజులో వెళ్ళి రాగలమా? అంత దూరం వెళ్తే అక్కడ చూడ్డానికి ఏముంటుంది?
(కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. ఎందుకంటే అక్కడి దాకా వెళ్ళి "ఇంతేనా?" అని మొహం వేలాడేసుకున్నవాళ్ళని చూశాను. చూడ్డానికి దాదాపు ఏమీ ఉండదు. రోడ్డు పక్కన, చెట్ల నీడలో, ఒక చిన్న తోరీ, అంటే జపాన్‌వాళ్ళ సంప్రదాయ మతమైన షింతో గుళ్ళ ముందుండే ద్వారం. దాని వెనక మన పొలిమేరల్లో ఉండే పోతురాజు గుడంత మందిరం. పూజారి ఉండడు. టికెట్టు లేదు, క్యూ లేదు. చుట్టూ జనం తెచ్చిపెట్టిన పింగాణీ పిల్లులు, పిల్లి మొహాలు గీసిన రాళ్ళు, కాసిని చిల్లర నాణేలు. అయిదు నిమిషాల్లో చూడ్డం అయిపోతుంది. అందుకే కథ తెలుసుకుని వెళ్ళండి. మనవరాలికి పడవలో చెప్పడానికైనా పనికొస్తుంది.

ఆ దీవి జాలరులది. తీరానికి దగ్గర్లో సముద్రంలో ఒకేచోట పెద్ద పెద్ద వలలు పాతి చేపలు పట్టేవారు. ఆ వలలు కొట్టుకుపోకుండా బరువుకి రాళ్ళు కట్టాలి. ఒకరోజు ఆ రాళ్ళకోసం కొండ కొడుతుంటే ఒక బండ జారి, అక్కడ తిరుగుతున్న పిల్లి మీద పడింది. పిల్లి చచ్చిపోయింది. వలల యజమాని మనసు కలుక్కుమంది. దాన్ని అక్కడే పూడ్చి, దేవుడిగా నిలబెట్టి మొక్కాడు. ఆ తర్వాత వలల నిండా చేపలు పడ్డాయని, సముద్రంలో ప్రమాదాలు ఆగాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. జాలరులకి పిల్లి అంటే అంతకుముందు కూడా గురి ఉండేది. పిల్లి నడవడిని బట్టి వాతావరణం ఎలా ఉంటుందో, ఈరోజు చేప పడుతుందో లేదో లెక్క వేసుకునేవారట. మాది బందరు. వేటకి వెళ్ళేముందు పడవకి పసుపు రాసి బొట్టుపెట్టి గంగమ్మకి దణ్ణం పెట్టేవాళ్ళ మధ్య పెరిగాను కాబట్టి, ఆ యజమాని భయమూ మొక్కూ నాకు వింతగా అనిపించలేదు.

ఇక ప్రయాణం. సెండాయ్ నుంచి ఇషినోమాకికి రైల్లో గంట. స్టేషన్ నుంచి పడవల రేవుకి టాక్సీ ఎక్కండి, మోకాళ్ళని దీవి కోసం దాచుకోండి. అక్కణ్ణుంచి అజిషిమా లైన్ వాళ్ళ పడవ. రోజుకి రెండో మూడో ఉంటాయి, కాలాన్ని బట్టి వేళలు మారతాయి. సుమారు ముప్పావు గంట నుంచి గంట ప్రయాణం. దీవిలో రెండు ఊళ్ళున్నాయి. పడవ ముందు ఉత్తరాన ఉన్న ఓదోమారిలో ఆగుతుంది, తర్వాత నితోదాలో. ఓదోమారిలో దిగి, దీవి మీదుగా నడిచి, నితోదాలో తిరుగు పడవ ఎక్కడం చాలామంది చేసే పని. గుడి ఈ రెండూళ్ళకీ మధ్యదారిలో ఉంది, ఏ ఊరి నుంచి నడిచినా అరగంట లోపే. కానీ ఎగుడుదిగుళ్ళు ఉన్నాయి. బస్సు లేదు, టాక్సీ లేదు, ఆటో అసలే లేదు. మీకు చేతికర్ర ఉంటే తీసుకెళ్ళండి, మొహమాటపడొద్దు. మరీ కష్టమనిపిస్తే మీరూ అమ్మగారూ నేరుగా నితోదాలో దిగి కూర్చోండి. పిల్లులు ఎక్కువగా ఉండేది ఆ ఊళ్ళోనే, రేవు దగ్గరే. మనవరాలిని తీసుకుని అల్లుడు గుడిదాకా వెళ్ళొస్తాడు.

ఒక్క హెచ్చరిక. అక్టోబరులో తుఫాన్లు ఇంకా పూర్తిగా వెనకబట్టవు. అలలు పెద్దవైతే పడవ రద్దు చేస్తారు, ఎవరు బతిమాలినా నడపరు. ఆ రోజు పొద్దున్నే మీ అమ్మాయి చేత పడవ ఉందో లేదో కనుక్కోమనండి. మనవరాలికి "రేపు తప్పకుండా" అని మాత్రం మాటివ్వకండి. చివరి పడవ తప్పితే ఆ రాత్రి దీవిలోనే. అక్కడ చిన్న బసలు ఉన్నాయి గానీ ముందు చెప్పుకుని రావాలి.

ప్రశ్న: మేడమ్, పిల్లి ఎదురొస్తే బయల్దేరినవాళ్ళం వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరే వంశం మాది. దీవంతా పిల్లులే అంటున్నారు. అక్కడివాళ్ళకి శకునాల పట్టింపు లేదా? పిల్లిని దేవుడంటే మనసు ఒప్పడం లేదు.
(తెనాలి నుంచి)

జవాబు: ఆ దీవిలో మీ లెక్కన బయల్దేరాలంటే పడవ దిగిన చోటే సాయంత్రం దాకా కాళ్ళు కడుక్కుంటూ ఉండాలండీ. మనుషులు వందకి లోపే, పిల్లులు అంతకన్నా ఎక్కువ.

జపాన్‌వాళ్ళకి పిల్లంటే భయం లేదని మాత్రం అనుకోకండి. ముసలిదైన పిల్లికి తోక రెండుగా చీలుతుందని, అప్పుడది నెకోమాతా అనే మాయదారి జీవిగా మారి మనుషుల్ని ఏడిపిస్తుందని పాత కథలు బోలెడు. మనిషి వేషం వేసే పిల్లులు, చచ్చిన యజమానురాలి పగ తీర్చే పిల్లులు వాళ్ళ నాటకాల నిండా ఉన్నాయి. భయపడ్డదానికే గుడి కట్టడం మనకి మాత్రం కొత్తా? మశూచికి భయపడి పోలేరమ్మకి మొక్కలేదూ?

ఇంకో సంగతి గుర్తుచేసుకోండి. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనే ఉంటారు. మా నాయనమ్మ అయితే కాశీకి వెళ్ళి ఇవ్వాలనేది. ఎదురొస్తే అపశకునం, చంపితే బంగారమంత పాపం. ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయో నాకెప్పుడూ అర్థం కాలేదు గానీ, ఆ రెండో మాట గుర్తుంటే తషిరోజిమా జాలరి చేసిన పని మీ మనసుకి ఒప్పుతుంది. అతను బంగారు పిల్లికి బదులు గుడి కట్టాడు, అంతే.

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం దగ్గర పల్లె. పట్టుపురుగులు పెంచుతాం. ఆ దీవిలో కూడా ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవాళ్ళని, అందుకే పిల్లులని ఎక్కడో చదివినా. మా షెడ్డులోకి పిల్లి వస్తే మేం తరిమేస్తాం, చంద్రికల మీద, అంటే పురుగులు గూళ్ళు కట్టే తట్టల మీద దూకుతుందని. అక్కడ ఎట్లా కుదిరింది?

జవాబు: నాకు అన్నిటికన్నా నచ్చిన ఉత్తరం నీదే తమ్ముడూ. పర్యాటకులెవరూ ఈ ప్రశ్న అడగరు.

ఎలుక బాధ నీకు నేను చెప్పేదేముంది? పురుగునీ తింటుంది, గూడునీ కొరుకుతుంది. ఒక్క రాత్రిలో పంటంతా పోతుంది. జపాన్‌లో ఆ రోజుల్లో పురుగుల్ని ఇంట్లోనే పెంచేవారు, చాలాచోట్ల మనుషులు కింద, పురుగులు అటకమీద. నీలాగా వల తలుపులూ సిమెంటు గచ్చూ ఉన్న షెడ్లు లేవు. ఎలుకని ఆపడానికి పిల్లిని మించిన దారి వాళ్ళకి లేదు. పిల్లి దూకితే పోయేది ఒక తట్ట. ఎలుక చేరితే మొత్తం పోతుంది. ఆ లెక్క వేసుకున్నారు. తషిరోజిమాలో కూడా పిల్లులు చేరింది ముందు అందుకేనంటారు, చేపలకి మరిగింది ఆ తర్వాత.

పిల్లికి ఎంత గిరాకీ ఉండేదంటే, ఎడో కాలంలో (1603-1868) రాసిన ఒక పుస్తకంలో ఓషూ ప్రాంతం గురించి చెబుతూ, అంటే ఈ ఈశాన్య జపానే, మంచి పిల్లి వెల అయిదు ర్యో (అప్పటి బంగారు నాణెం), గుర్రం వెల ఒక ర్యో అని ఉంది. గుర్రానికి అయిదింతలు! పిల్లిని కొనలేనివాళ్ళు ఏం చేసేవారంటే, పిల్లి బొమ్మ గీసిన కాగితం తెచ్చి పురుగుల గదిలో అంటించేవారు. ఇప్పటి గున్మా ప్రాంతంలో ఇవామత్సు వంశపు ప్రభువులు స్వయంగా పిల్లి బొమ్మలు గీసి రైతులకి ఇచ్చేవారు. ఎలుకలు ఆ బొమ్మకి భయపడేవో లేదో గానీ ప్రభువులకి మాత్రం నాలుగు రాళ్ళు వచ్చేవి.

క్యోతో నగరానికి వాయవ్యంగా, సముద్రం పక్కన క్యోతాంగో ఉంది. మనకి ధర్మవరం ఎలాగో వాళ్ళకి ఆ తాంగో పట్టు అలాగ. అక్కడ మినేయామాలో కొతోహిరా గుడి ఆవరణలో పట్టుకి సంబంధించిన ఒక చిన్న గుడి ఉంది. షింతో గుళ్ళ ముందు కాపలాకి సాధారణంగా సింహంలాంటి కుక్కల జత ఉంటుంది. ఈ గుడి ముందు రాతి పిల్లుల జత ఉంది. ఒకటి 1832లో పెట్టింది, రెండోది 1846లో. దారాల వ్యాపారులూ నేతపనివాళ్ళూ ఇచ్చుకున్నవి. ఎప్పుడైనా జపాన్ రావడం కుదిరితే నువ్వు దీవికి వెళ్ళకపోయినా ఫరవాలేదు, అక్కడికి వెళ్ళు. నీ పనిని అర్థం చేసుకున్న గుడి అదే.

నీ షెడ్డులోకి పిల్లిని రానివ్వమని మాత్రం నేను చెప్పడం లేదు. అది మీ పట్టు పరిశ్రమ శాఖవాళ్ళని అడుగు.

ప్రశ్న: చెప్పులు ఎక్కడ విప్పాలి? ప్రదక్షిణ చేయొచ్చా? కొబ్బరికాయ కొట్టొచ్చా?
(తిరుపతి నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: విప్పక్కర్లేదు, చేయక్కర్లేదు, కొట్టొద్దు. తోరీ ముందు ఒకసారి తల వంచి, దారికి ఒక పక్కగా నడిచి లోపలికి వెళ్ళాలి. నడిమధ్య దేవుడు నడిచే దారి. డబ్బాలో నాణెం వేసి, రెండుసార్లు నడుం వంచి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో అనుకోవాల్సింది అనుకుని, చివర మరోసారి వంగాలి. అయిదు యెన్ల నాణెం శుభమంటారు, మన డబ్బులో మూడు రూపాయలకి అటూ ఇటూ. పెద్ద గుళ్ళలో చేతులూ నోరూ కడుక్కోవడానికి నీళ్ళ తొట్టి ఉంటుంది. అలాంటిది లేని చిన్న గుడి అయితే కంగారుపడొద్దు. అక్కడున్న రాళ్ళలో ఒకటి ముద్దొచ్చిందని జేబులో వేసుకోవద్దు. ఈ మాట ఊరికే రాయడం లేదు.

ప్రశ్న: మేం శాకాహారులం. దీవిలో తినడానికి ఏమైనా దొరుకుతుందా? పిల్లులకి ఏం పట్టుకెళ్ళాలి? ఖాళీ చేతులతో వెళ్ళడం బాగోదు కదా.
(హైదరాబాద్, మల్కాజిగిరి)

జవాబు: మీకు: పులిహోర. ఇషినోమాకిలో రైలు దిగేసరికే మీ చేతిలో డబ్బా ఉండాలి. దీవిలో రాత్రీపగలూ తెరిచుండే దుకాణాలేమీ లేవు. బసల్లో పెట్టే భోజనం అంతా సముద్రంలోదే. రేవు ఊళ్ళో "కూరగాయల నూడుల్స్" అన్నా రసంలో ఎండుచేప మరిగే ఉంటుంది. నీళ్ళు కూడా తీసుకెళ్ళండి. తిన్న చెత్త తిరిగి పట్టుకురండి. దీవిలో చెత్తబుట్ట కోసం వెతకొద్దు.

పిల్లులకి: ఏమీ వద్దు. వచ్చినవాళ్ళని పిల్లులకి తిండి పెట్టొద్దని అక్కడివాళ్ళు బోర్డులు పెట్టి మరీ కోరుతున్నారు. ఊరివాళ్ళు వేళకి పెడతారు. వచ్చినవాడల్లా ఒక పొట్లం విప్పితే మిగిలింది కుళ్ళుతుంది, పిల్లికి జబ్బు చేస్తుంది, ఊడ్చేది ఎనభై ఏళ్ళ ముసలమ్మ. పెరుగన్నం, పాలు అసలు వద్దు. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, మన ఇళ్ళలో ఎన్ని గిన్నెలు పోసినా సరే. ఖాళీ చేతులతో వెళ్ళలేకపోతే రేవులో మీ అల్పాహారానికీ టీకీ నాలుగు యెన్లు ఎక్కువ ఖర్చుపెట్టండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, అది మనుషులు బతుకుతున్న ఊరు. ఒకప్పుడు వెయ్యిమంది దాకా ఉండేవారు. ఇప్పుడు మిగిలింది ఎక్కువమంది పెద్దవాళ్ళే, బడి మూతపడి చాలా ఏళ్ళయింది. 2011 మార్చి 11 సునామీకి రేవులు దెబ్బతిన్నాయి, ఆల్చిప్పల పెంపకం తుడిచిపెట్టుకుపోయింది. పిల్లులు చాలావరకు ఎత్తుకి పరుగెత్తి బతికాయి. అప్పుడు దీవివాళ్ళు పిల్లుల పేరు చెప్పి, వాటా ఒకటి 10,000 యెన్ల చొప్పున సాయం అడిగితే, దేశమంతటి నుంచీ కొద్దినెలల్లోనే 15 కోట్ల యెన్లు వచ్చిపడ్డాయి. పిల్లిని నమ్ముకున్నందుకు పిల్లే ఒడ్డున పడేసింది అనుకోవచ్చు. ఆ డబ్బు పిల్లుల తిండికే కాదు, ఆల్చిప్పలు పెంచేవాళ్ళు మళ్ళీ పని మొదలుపెట్టుకోవడానికి కూడా. కాబట్టి వాళ్ళ వలల మీదా పెరళ్ళలోకీ ఎక్కి ఫొటోలు తీసుకోకండి. మీ ఇంట్లో కుక్క ఉంటే దాన్ని తీసుకెళ్ళే ఆలోచన కూడా వద్దు, దీవిలోకి కుక్కలకి ప్రవేశం లేదు.

ప్రశ్న: అక్కా, నేను ఒసాకాలో పనిచేస్తున్నాను. గుడివాడలో మా ఇంట్లో పద్నాలుగేళ్ళు పెరిగిన మా చిట్టి పోయిన నెల చనిపోయింది. చివరిచూపు దక్కలేదు. ఇక్కడ దాని పేరు మీద ఏదైనా చేయించొచ్చా? ఇంట్లోవాళ్ళకి చెబితే "పిల్లికి కూడానా" అంటున్నారు.

జవాబు: చేయించొచ్చు చెల్లీ, నిన్ను వెర్రిదానిలా చూసేవాళ్ళు ఇక్కడ ఉండరు. మామూలుగా చావుకి సంబంధించిన కర్మలు షింతో గుళ్ళలో తక్కువ, చావుని మైలగా చూస్తారు. అవి బౌద్ధాలయాల పని. పెంపుడు జంతువుల కోసం ప్రార్థన చేసే బౌద్ధాలయాలు చాలా ఉన్నాయి.

కానీ పిల్లుల విషయంలో షింతో కూడా తలుపు తీసింది. నువ్వు ఉన్న చోటికి దగ్గర్లో వాకాయామా ఉంది చూడు. అక్కడ కిషి అనే చిన్న స్టేషన్లో తామా అనే మూడురంగుల పిల్లిని 2007లో స్టేషన్ మాస్టర్‌గా వేశారు. టోపీ పెట్టుకుని కూర్చునేది. మూతపడబోయి చేతులు మారిన రైలుమార్గం అది, తామాని చూడ్డానికి జనం రైళ్ళెక్కి వచ్చారు. 2015 జూన్‌లో అది చనిపోతే షింతో పద్ధతిలోనే అంత్యక్రియలు చేశారు, వేలమంది వచ్చారు. తర్వాత ప్లాట్‌ఫారం మీదే చిన్న గుడి కట్టి దేవతని చేశారు. ఒక ఆదివారం వెళ్ళిరా. రైల్లో గట్టిగా ఏడవకు, అంతే.

దూరం పోగలిగితే కాగోషిమాలో సెంగాన్-ఎన్ తోటలో పిల్లిదేవుడి గుడి ఉంది. 1590ల్లో కొరియా మీదికి యుద్ధానికి వెళ్ళిన షిమాజు యోషిహిరో అనే ప్రభువు ఏడు పిల్లుల్ని వెంట తీసుకెళ్ళాడట. గడియారాలు లేని కాలం, పిల్లి కనుపాప ఎంత సన్నబడిందో చూసి వేళ తెలుసుకునేవారు. ఏడింటిలో రెండే తిరిగొచ్చాయి. ఆ రెండింటికీ అక్కడ గుడి. ఏటా జూన్ 10న, జపాన్‌లో కాలానికి కేటాయించిన రోజున, పూజ జరుగుతుంది. అక్కడ ఎమా అనే చెక్కపలకలు అమ్ముతారు. జనం తమ పిల్లి పేరు రాసి, ఆరోగ్యం కోసమో, పోయినదాని గుర్తుగానో వేలాడదీస్తారు. "చిట్టి" అని తెలుగులోనే రాయి. దేవుడు చదువుకుంటాడు.

ప్రశ్న: నాకు టోక్యోలో ఒక్క పూటే ఖాళీ. దీవి కుదరదు. గోతోకుజీ వెళ్తే పిల్లి గుడి చూసినట్టేనా?
(బెంగళూరు నుంచి)

జవాబు: గోతోకుజీ బాగుంటుంది, చెయ్యెత్తి పిలిచే తెల్ల పిల్లి బొమ్మలు వందల్లో ఉంటాయి, ఫొటోలకి తిరుగులేదు. కాకపోతే అది బౌద్ధాలయం. షింతో గుడే కావాలంటే అసాకుసా వైపు ఇమాదో గుడికి వెళ్ళండి. చెయ్యెత్తిన పిల్లి పుట్టిల్లు మాదంటే మాదని ఈ రెండూ చెప్పుకుంటాయి, మీరు తీర్పు చెప్పే పని పెట్టుకోకండి. ఇమాదోలో ఇజనాగి, ఇజనామి అనే ఆదిదంపతుల్ని కొలుస్తారు కాబట్టి పెళ్ళి సంబంధం కుదరాలని మొక్కుకునే అమ్మాయిలు ఎక్కువ. మీ ఉత్తరంలో పెళ్ళి ప్రస్తావన లేదు గానీ, వెళ్ళినవారు ఎలాగూ వెళ్ళారు, ఒక నాణెం వేసి రండి.